రాడీ పాటలో తీసేసిన చరణం

కేప్ బ్రెటన్ దీవిలో బొగ్గు గని ఊరు కీల్ కోవ్. అక్కడ ఏ తలుపు తట్టినా మెక్ఫీ ఇంటిపేరు వాళ్ళే తీసేవారు. అందుకని ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక మారుపేరు ఉండేది. బావి జానీ వాళ్ళు, కుంటి డాన్ వాళ్ళు, ఎర్రజుట్టు ఆంగస్ వాళ్ళు. ఎర్రజుట్టు ఆంగస్ కూతురు లెక్సీకి ఇంటి మారుపేరు చాలక సొంతంగా మరొకటి వచ్చింది. కొరివి. అది పెట్టింది బళ్ళో సిస్టర్ ఇగ్నేషియా. చర్చిలో పాడటానికి ఆడపిల్లల్ని నిలబెట్టినప్పుడు సిస్టర్ గని కూలీల పిల్లల్ని వెనక వరసలోకి, కంపెనీ ఆఫీసు వాళ్ళ పిల్లల్ని ముందు వరసలోకి జరిపింది. లెక్సీ వెనక నిలబడే, ముందు వరస గొంతు ఒక్కటీ వినపడకుండా పాడింది. "దీని నోట్లో కొరివి ఉంది" అని సిస్టర్ ఆమెని బయటికి పంపేసింది. బయట మంచులో నిలబడి కూడా లెక్సీ పాట ఆపలేదని, లోపల ఫాదర్ ప్రసంగం మధ్యలో తడబడ్డాడని ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు.

ఇంట్లో అన్నీ వంటగదిలోనే జరిగేవి. బొగ్గు పొయ్యి మీద టీ పొద్దస్తమానం నల్లగా మరుగుతూ ఉండేది. ఆంగస్ గనిలోంచి వచ్చి మొహం కడుక్కోవడం ఆలస్యం, ఫిడేలు అందుకునేవాడు. లెక్సీ కంటే రెండేళ్ళు పెద్దవాడైన రాడీ, కేటలాగులో బొమ్మ చూసి పోస్టులో తెప్పించుకున్న గిటారుతో తండ్రి వెంట పడేవాడు. ఒక చలికాలం వాడు పాత రేడియో విప్పి, దాని స్పీకరుని గిటారుకి తగిలించాడు. తాతల నాటి సముద్రం పాటలకి కరెంటు తోడయ్యేసరికి అలమారలో కప్పులు గలగలలాడాయి.

"ఆ మోత ఆపరా. మీ నానమ్మ సమాధిలోంచి లేచి వస్తుంది" అన్నాడు ఆంగస్.

"రానీ నాన్నా. కూర్చోబెట్టి ఆవిడకీ ఒక పాట నేర్పిద్దాం" అన్నాడు రాడీ.

లెక్సీకి ఆ మోతలోనే తన గొంతు దొరికింది. ఫిడేలు పక్కన పాడితే అది మంచి గొంతు. కరెంటు గిటారు పక్కన పాడితే ఎవరితోనో తగవు పెట్టుకునే గొంతు. గని యూనియన్ హాల్లో శనివారాలు అన్నాచెల్లెళ్ళు పాడటం మొదలుపెట్టారు. షెటికాంప్ వైపు నుంచి ఆన్సెల్మ్ అనే ఫ్రెంచి కుర్రాడు డ్రమ్ములు వేసుకుని వచ్చి చేరాడు. ఊళ్ళో తాగే చోట్లన్నీ మగవాళ్ళకే. ఆడవాళ్ళు గడప తొక్కకూడదని బోర్డు. ఒకసారి సారా దుకాణం యజమాని వచ్చి, మా దగ్గర పాడించాలని ఉంది, మీ అన్నని పంపించు అని లెక్సీని అడిగాడు.

"పాడేది నేను కదా" అంది లెక్సీ.

"నువ్వు లోపలికి రాకూడదు పిల్లా. రూలు."

"అయితే కిటికీ తెరిచి పెట్టుకో. యూనియన్ హాల్లోంచి ఎలాగూ వినపడుతుంది."

రాడీ పదహారేళ్ళకే గనిలోకి దిగాడు. ఇరవై దాటగానే మరీనాని పెళ్ళి చేసుకున్నాడు. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే ఉక్రేనియన్ల అమ్మాయి. మాట పొదుపు. ఆడపడుచు వరసలూ వదిన వరసలూ ఆమె పట్టించుకునేది కాదు, లెక్సీని పేరుతోనే పిలిచేది. లెక్సీ పాడుతుంటే జనం చప్పట్లు కొట్టేవారు కానీ మరీనా చేతులు కట్టుకుని వినేది. "ఎలా ఉంది" అని అడిగితే "రెండో పాట బాగుంది" అనేది. మిగతావి బాగాలేవన్నమాట.

అరవై తొమ్మిది, అక్టోబరు. ఆదివారం భోజనానికి రాడీ, మరీనా వచ్చారు. మరీనా కడుపుతో ఉంది. ఉప్పుచేప, బంగాళదుంపలు వడ్డిస్తుంటే రాడీ తండ్రితో అన్నాడు.

"నాలుగో లెవెల్లో ఫ్యాను మళ్ళీ ఆగింది నాన్నా. గ్యాసు తలకి పట్టేస్తోంది. క్రెయిగ్‌కి చెప్పాను."

నార్మన్ క్రెయిగ్ అంటే గని మేనేజరు.

"ఏమన్నాడు?" అన్నాడు ఆంగస్.

"టీ తాగుతున్నాడు. ఈ షిఫ్టు బొగ్గు పైకి రానీ, తరవాత చూద్దాం అన్నాడు. అని తలుపేసుకున్నాడు."

"యూనియన్‌కి చెప్పు."

"చెప్తాను. బుధవారం మీటింగుంది."

మంగళవారం మధ్యాహ్నం గని కూత వేళ కాని వేళ మోగింది. ఆ కూతకి అర్థం ఆ ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. లెక్సీ చేతికున్న పిండితోనే పరుగెత్తింది. గని ముఖద్వారం దగ్గర ఆడవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఏడిస్తే అయిపోయినట్టే. నాలుగో లెవెల్లో గ్యాసు పేలిందన్నారు. ఆ గని సముద్రం అడుగుకి వెళ్తుంది. తల మీద మైళ్ళకొద్దీ నీళ్ళు. ఊపిరి డబ్బాలు కట్టుకున్న మనుషులు దిగుతూ, ఎక్కుతూ ఉన్నారు. పదకొండు మంది చనిపోయారు. రాడీ ఆఖర్న దొరికాడు. వాడిని తెచ్చిన వాళ్ళలో ఒకడు, బావి జానీ కొడుకు, మరీనా మొహం చూడలేక లెక్సీ చెవిలో చెప్పాడు. రాడీ పేలుడికి చనిపోలేదట. కూలిపోయిన రాళ్ళ వెనక చాలాసేపు బతికే ఉన్నాడట. వేళ్ళకి గోళ్ళు లేవట.

లెక్సీ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కానీ మరీనా శవపేటిక మూత తీయించి, భర్త చేతులు తనే చూసుకుంది.

విచారణ వసంతంలో పెట్టారు. హాలిఫాక్స్ నుంచి జడ్జి వచ్చాడు. నార్మన్ క్రెయిగ్ బూడిదరంగు కోటు వేసుకుని కూర్చుని, ఫ్యాను గురించి నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు అన్నాడు. ఆంగస్ లేచి, ఆదివారం నా కొడుకు నా బల్ల దగ్గర కూర్చుని చెప్పాడు అన్నాడు.

"మీరు స్వయంగా చూశారా?" అన్నాడు కంపెనీ లాయరు.

"నా కొడుకు చూశాడు."

"అంటే మీరు విన్నారు. వినికిడి మాట సాక్ష్యం కాదండి."

"వాడొచ్చి చెప్పలేడు కదా. మీరే చంపేశారుగా" అని లెక్సీ వెనక నుంచి అరిచింది. జడ్జి ఆమెని బయటికి పంపించాడు. బయట మెట్ల మీద కూర్చుంది. లోపల ఉన్నది బాధ కాదు. ఆమెకి తెలుసు. ఎవరి మొహమైనా పట్టుకుని నేలకేసి రుద్దాలనిపించే కోపం. చేతులతో చేసేదేమీ లేక ఇంటికి వచ్చి రాడీ గిటారు తీసింది. పాట ఆ వారంలోనే పూర్తయింది.

పాటలో నాలుగు చరణాలు. పల్లవి జోలపాటలా ఉంటుంది.

నిద్రపో రాడీ, నిద్రపో,
నీ మీద సముద్రం ఊగుతోంది తొట్టిలా.

కానీ ఆ జోల పాడేది చెల్లెలు కాదు. కంపెనీ. అది మూడో చరణంలోగానీ తెలియదు.

ఫ్యాను ఆగిందని చెప్పాడు రాడీ,
విన్నావు నార్మన్ క్రెయిగ్, విన్నావు.
ఇంకొంచెం బొగ్గు రానిమ్మన్నావు,
తలుపేసుకుని టీ తాగావు.

ఆ తరవాత మళ్ళీ పల్లవి వచ్చేసరికి వినేవాళ్ళ ఒళ్ళు గగుర్పొడిచేది. యూనియన్ హాల్లో మొదటిసారి పాడినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుర్చీలు వెనక్కి తోసి అందరూ లేచి నిలబడ్డారు. మరీనా రాలేదు. పసిపిల్లతో ఇంట్లో ఉంది.

లెక్సీ, ఆన్సెల్మ్, మరో ఇద్దరు కుర్రాళ్ళు పాత వ్యానులో టొరంటో వెళ్ళారు. కాఫీ దుకాణాల్లో, కాలేజీల్లో, తూర్పు తీరం నుంచి పనికోసం వచ్చినవాళ్ళు చేరే బార్లలో పాడారు. ఫ్యాక్టరీల్లో పనిచేసే కేప్ బ్రెటన్ మగాళ్ళు ఆ పాట వింటూ గ్లాసులు బల్లకేసి కొట్టేవారు. వెర్నన్ పైక్ అనే రికార్డు కంపెనీ మనిషి అక్కడే విన్నాడు. మెత్తగా మాట్లాడే మనిషి. ఎదుటివాళ్ళు ఒక్క మాట అంటే చాలు, దాన్ని తనే అన్నట్టు తిప్పి చెప్పేవాడు. లెక్సీ సంతకం పెట్టింది. స్టూడియోలో పాట మొత్తం, నాలుగు చరణాలూ పాడింది. ఆఖరి పల్లవి పాడి బయటికొచ్చినప్పుడు సౌండు చూసే కుర్రాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

పాట బయటికి వచ్చిన సంగతి ఆమెకి వ్యానులో తెలిసింది. సడ్బరీ దారిలో ఉన్నారు. ఆన్సెల్మ్ నడుపుతున్నాడు. రేడియోలో తన గొంతు వినపడగానే లెక్సీ కాళ్ళు పైకి ముడుచుకుని చిన్నపిల్లలా నవ్వింది. మొదటి చరణం, రెండో చరణం. మూడో చరణం రావాల్సిన చోట వయొలిన్లు వచ్చాయి. ఇరవయ్యో ముప్ఫయ్యో వయొలిన్లు, పెళ్ళివిందులో వాయించినట్టు, తియ్యగా. అవి చరణం పొడుగునా సాగి, మళ్ళీ ఆమె గొంతుని తెచ్చి నిలబెట్టాయి. నిద్రపో రాడీ, నిద్రపో.

"ఆపు" అంది లెక్సీ.

"రేడియోనా?"

"బండి."

ఆమె దిగి రోడ్డు పక్కన మంచు గుట్టని కాళ్ళతో తన్నింది. బూటు ఊడిపోయేదాకా తన్నింది. ఆన్సెల్మ్ బూటు తెచ్చి ఇచ్చాడు. అతనికి అప్పటికే ఆమె సంగతి తెలుసు.

టొరంటోలో వెర్నన్ పైక్ ఆమెకి కుర్చీ చూపించాడు. లెక్సీ కూర్చోలేదు.

"నా చరణం ఏది?"

"లెక్సీ, నార్మన్ క్రెయిగ్ బతికున్న మనిషి. పరువు నష్టం దావా వేస్తాడు. మా లాయర్లు ఒప్పుకోలేదు."

"నన్ను అడిగావా?"

"కాగితంలో ఉంది. ఎడిటింగ్ మా హక్కు. అయినా ఒకటి ఆలోచించు. దేశమంతా ఆ పాట విని ఏడుస్తోంది. నీ అన్నని తలుచుకుని ఏడుస్తోంది."

"వాళ్ళు ఏడవడానికి రాయలేదు నేను. వాళ్ళకి ఒళ్ళు మండటానికి రాశాను."

"ఒళ్ళు మండే పాట ఎవరూ రెండోసారి వినరు, అమ్మాయీ" అన్నాడు వెర్నన్, జాలిగా. ఆ జాలే ఆమెకి ఎక్కువ మంట. బల్ల మీద ఉన్న తన రికార్డుల దొంతర నేలకి తోసేసి వచ్చేసింది.

పాట మాత్రం ఆగలేదు. ఆ ఏడాది పెళ్ళిళ్ళలో వేశారు, చావుల్లో వేశారు, పిల్లల్ని పడుకోబెడుతూ తల్లులు పాడారు. లెక్సీ ఎక్కడికి వెళ్ళినా పువ్వులు. ఎక్కడ పాడినా మూడో చరణం కలిపే పాడింది. కొన్ని చోట్ల జనం ముందుకి వంగి విన్నారు. కొన్ని చోట్ల, రికార్డులో లేనిది ఎందుకు పాడుతోంది అని విసుక్కున్నారు.

వేసవిలో ఊరికి వచ్చింది. కోఆపరేటివ్ స్టోరులో పిండి బస్తాల దగ్గర మరీనా ఎదురైంది. చంకలో రాడీ కూతురు రోడా. చుట్టూ ఊరి ఆడవాళ్ళు.

"పాట విన్నాను" అంది మరీనా.

"అది నేను చేసింది కాదు మరీనా. కోసేశారు."

"వాడు నిద్రపోయాడన్నావు."

"మూడో చరణంలో..."

"మూడో చరణం నాకెవరూ వినిపించలేదు. నాకు వినపడేది ఒకటే, రోజూ, కసాయి కొట్టులో, బస్సులో. నిద్రపో, నిద్రపో. వాడు నిద్రపోలేదు లెక్సీ. వాడి చేతులు నేను చూశాను. రాయిని గోళ్ళతో గీకాడు. నువ్వు నా మొగుడికి జోల పాడి ఊరూరా అమ్ముకున్నావు."

ఎవరో ఒకావిడ "పోనీలే మరీనా, పాట బాగుంది కదా" అంది.

"నీ మొగుడు చచ్చినప్పుడు బాగుంటుందిలే" అంది మరీనా ఆవిడ వైపు తిరక్కుండానే. పిండి తీసుకోకుండా వెళ్ళిపోయింది.

లెక్సీకి కోపం రావలసిన చోట మొదటిసారి రాలేదు. ఇంటికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. ఆంగస్ ఫిడేలు తీయలేదు. "ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేమీ లేదే" అన్నాడు. అంతే.

శీతాకాలంలో టీవీ వాళ్ళు పిలిచారు. దేశమంతా శనివారం సాయంత్రం భోజనాలయ్యాక చూసే కార్యక్రమం. మూడో చరణం పాడకూడదు, ఆ చోట వయొలిన్లే అని దర్శకుడు ముందే చెప్పాడు. లెక్సీ తలూపింది. పాట మొదలైంది. రెండో చరణం అయిపోయి వయొలిన్లు అందుకున్నాయి. లెక్సీ మైకు స్టాండు నుంచి ఊడబెరుక్కుని, వాటి మీదుగా, సిస్టర్ ఇగ్నేషియా బయటికి పంపిన గొంతుతో అందుకుంది. ఫ్యాను ఆగిందని చెప్పాడు రాడీ. విన్నావు నార్మన్ క్రెయిగ్. మూడో లైను మధ్యలో దేశమంతటా తెర మీద సబ్బు ప్రకటన వచ్చింది.

ఆ తరవాత రేడియోలు ఆమె కొత్త పాటలు తీసుకోలేదు. పొగరుబోతు, తలతిక్క, ఆడదానికి అంత నోరేమిటి అని పత్రికల్లో రాశారు. రికార్డు కంపెనీ రెండో ఆల్బమ్ ఆపేసింది. సంతకం పెట్టిన కాగితం గడువు తీరేదాకా వేరే ఎక్కడా రికార్డు చేయకూడదు. అటు వాళ్ళూ చేయరు, ఇటు చేయనివ్వరు. పాత పాట మాత్రం రేడియోలో రోజూ, వయొలిన్లతో సహా.

అప్పుడు వచ్చింది అసలు దెబ్బ. గని కంపెనీ కొత్త గని తవ్వుతోంది. దానికోసం టీవీలో ప్రకటన వేసింది. తెల్లటి పళ్ళతో నవ్వుతూ కుర్రాళ్ళు గని బండి ఎక్కుతుంటారు, ఇంట్లో ఒక తల్లి దీపం వెలిగిస్తుంది, వెనక లెక్సీ గొంతు. నిద్రపో. నీ మీద సముద్రం ఊగుతోంది తొట్టిలా. రికార్డు కంపెనీ పాటని గని కంపెనీకి ఇచ్చేసింది. రాడీ పేరు వచ్చే ముక్క కోసేసి మిగతాది వాడుకున్నారు.

లెక్సీ లాయరు దగ్గరికి వెళ్ళింది. లాయరు కాగితం చదివి, చేసేదేమీ లేదమ్మా అన్నాడు.

"నా అన్నని చంపినవాళ్ళు నా గొంతుతోనే కొత్త పిల్లల్ని పిలుస్తున్నారు. చేసేదేమీ లేదా?"

"చట్టంలో లేదు" అన్నాడు.

ఆన్సెల్మ్, ఆమె అప్పటికి రెండేళ్ళుగా కలిసి ఉంటున్నారు. ఆ నెలలోనే అతను వెళ్ళిపోయాడు. "నీ మీద ప్రేమ లేక కాదు లెక్సీ. నీతో ఉంటే పొద్దున లేచిన దగ్గర్నుంచి సమ్మెలో ఉన్నట్టుంది. నాకు కాస్త అన్నం తిని పడుకోవాలని ఉంది" అన్నాడు. డ్రమ్ములు మాత్రం, ఎప్పుడు పిలిచినా వస్తానన్నాడు. వచ్చేవాడు కూడా.

ఆమె కీల్ కోవ్‌కి తిరిగి వచ్చింది. ఒక శుక్రవారం సాయంత్రం తండ్రిని తీసుకుని మాజీ సైనికుల లీజన్ హాలుకి వెళ్ళింది. అక్కడైతే ఆడవాళ్ళని రానిస్తారు. చేపకూర వాసన, సిగరెట్ల పొగ. మూల బల్ల దగ్గర మరీనా, తనతో పాటు చేపల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళతో కూర్చుని ఉంది. ఎవరో నాణెం వేసి జూక్‌బాక్సులో ఆ పాటే పెట్టారు. లెక్సీ లేచి వెళ్ళిపోబోయింది.

రెండో చరణం అయింది. వయొలిన్లు మొదలయ్యాయి. మరీనా తల ఎత్తకుండా, పాడకుండా, కూరగాయల బేరం ఆడుతున్నంత మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది.

"ఫ్యాను ఆగిందని చెప్పాడు రాడీ. విన్నావు నార్మన్ క్రెయిగ్, విన్నావు."

చరణం మొత్తం చెప్పింది. సరిగ్గా సరిపోయింది. వెర్నన్ పైక్ గొంతు తీసేశాడు కానీ, ఆ జాగా కొలిచి మరీ వయొలిన్లు నింపాడు. చరణం పట్టేంత ఖాళీ అక్కడ అలాగే ఉంది. హాల్లో మాటలు ఆగిపోయాయి. పల్లవి వచ్చింది. అదే తియ్యటి పల్లవి. కానీ ఇప్పుడది విషంలా వినపడింది.

లెక్సీ ఆమె బల్ల దగ్గరికి వెళ్ళింది. "నీకు చరణం ఎలా తెలుసు?"

"టీవీలో సగం విన్నాను. మిగతా సగం మీ నాన్నని అడిగాను."

"మరీనా..."

"నీకోసం కాదు" అంది మరీనా. "కూర్చో. చల్లారిపోతోంది తిను."

తరవాతి రెండేళ్ళూ లెక్సీ చేసింది అదే. రికార్డు చేయకూడదన్నారు కానీ, పాడకూడదని ఎవరూ అనలేదు. వ్యాను తీసుకుని గనుల ఊళ్ళన్నీ తిరిగింది. నికెల్ గనులు, యురేనియం గనులు, ఉప్పు గనులు. యూనియన్ హాళ్ళు, చర్చి నేలమాళిగలు, హాకీ మైదానాలు. కచేరీ ఆఖర్లో తను పాడేది కాదు. వాళ్ళ దగ్గరున్న రికార్డే పెట్టించేది. "వయొలిన్లు రాగానే మీదే పని" అని చరణం నేర్పేది. కొన్నిచోట్ల జనం నార్మన్ క్రెయిగ్ పేరు తీసేసి తమ మేనేజరు పేరు పెట్టుకునేవారు. పేరు పొడుగైతే లయ తప్పేది. లయ తప్పినా గట్టిగానే అరిచేవారు. ఒక ఊళ్ళో ఒక ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని, నా కొడుకు పోయి పద్దెనిమిదేళ్ళయింది, ఇన్నాళ్ళూ దేవుడి ఇష్టం అని సరిపెట్టుకున్నానమ్మా, నువ్వొచ్చి చెడగొట్టావు అంది. తిట్టిందో దీవించిందో లెక్సీకి అర్థం కాలేదు.

కొత్త గని ప్రారంభం జూన్‌లో పెట్టారు. మైదానంలో జెండాలు, ఒట్టావా నుంచి మంత్రి, బ్యాండు. నార్మన్ క్రెయిగ్ వేదిక మీద ముందు వరసలో, భార్య పక్కన. అప్పటికి అతన్ని జిల్లా మొత్తానికీ పెద్ద చేశారు. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళు మెరిసే టోపీలతో వరసగా నిలబడ్డారు. ఊరంతా వచ్చింది. లెక్సీ తండ్రి పక్కన గుంపులో నిలబడింది. ఆమెని వేదిక దరిదాపులకి రానివ్వొద్దని పోలీసులకి చెప్పి ఉంచారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆమెనే చూస్తున్నారు.

మంత్రి రిబ్బన్ కత్తిరించాడు. లౌడ్‌స్పీకర్లలో పాట మొదలైంది. ప్రకటనలో వేసే ముక్క కాదు. పాట నడిపే కుర్రాడు తొందరలో రికార్డు మొత్తం పెట్టేశాడు. నిద్రపో రాడీ. రాడీ పేరు వినపడగానే వేదిక మీద ఒకరిద్దరు కదిలారు. లెక్సీ నోరు విప్పలేదు. కానిస్టేబుళ్ళు ఆమె పెదవులే చూస్తున్నారు.

వయొలిన్లు వచ్చాయి.

ముందు ఆడవాళ్ళు అందుకున్నారు. చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, తలగుడ్డలతో, మరీనా మధ్యలో. తరవాత ముసలి కార్మికులు. తరవాత అందరూ. ఫ్యాను ఆగిందని చెప్పాడు రాడీ. అది పాటలా లేదు. ఊరు ఊరంతా ఒక మనిషిని పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది. విన్నావు నార్మన్ క్రెయిగ్. కొత్త టోపీల కుర్రాళ్ళలో సగం మంది పాడుతున్నారు. ఆ చనిపోయిన పదకొండు మంది కొడుకులూ తమ్ముళ్ళూ మేనల్లుళ్ళే కదా వాళ్ళు. విన్నావు. ఎవరో పరిగెత్తుకెళ్ళి మిషను ఆపేశారు. వయొలిన్లు ఆగాయి, జనం ఆగలేదు. తలుపేసుకుని టీ తాగావు. అని మళ్ళీ మొదటికి వెళ్ళారు.

క్రెయిగ్ లేవలేదు. లేచి ఎటు వెళ్తాడు. అతని భార్య మాత్రం మెల్లిగా మెడ తిప్పి మొగుడి మొహంలోకి చూసింది. ఆమెకి ఆ సంగతి అప్పటిదాకా తెలియదని లెక్సీకి ఆ చూపులో తెలిసింది. కాసేపటికి ఆమె హ్యాండ్‌బ్యాగు తీసుకుని, ఒక్కతే వేదిక దిగి కారు వైపు నడిచింది.

ఆంగస్ టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు. "ఇది కూడా వినికిడి మాటేనంటారేమో" అన్నాడు.

నార్మన్ క్రెయిగ్ జైలుకి వెళ్ళాడని చెప్పాలని ఉంటుంది ఎవరికైనా. వెళ్ళలేదు. మళ్ళీ విచారణ వేశారు, తప్పు ఏ ఒక్కరిదీ కాదని తేల్చారు. అతన్ని వేరే రాష్ట్రానికి, ఇంకా పెద్ద కుర్చీలోకి మార్చారు. చాలా ఏళ్ళకి తన మంచం మీదే పోయాడు. పత్రికలో మంచి తండ్రి, గోల్ఫ్ ఆటగాడు అని రాశారు. లెక్సీ ఆ పత్రికని పొయ్యిలో పెట్టి, కాలేదాకా చూస్తూ నిలబడింది.

కానీ ఆ ఎండాకాలమే యూనియన్ వాళ్ళు కొత్త గనిలోకి దిగేది లేదన్నారు. మంత్రి ముందు పరువు పోయింది కాబట్టి కంపెనీ దిగొచ్చింది. ఫ్యాను ఆగితే ఎవరినీ అడక్కుండా, ఎవరి సంతకం లేకుండా అందరూ పైకి వచ్చేయొచ్చని ఒప్పందంలో రాయించుకున్నారు. దాన్ని కార్మికులు రాడీ రూలు అనేవారు. ఆ గని మూసేదాకా దానిలో గ్యాసుకి ఒక్కడూ చనిపోలేదు.

కాగితం గడువు తీరాక లెక్సీ ఆ పాట మళ్ళీ రికార్డు చేసింది, హాలిఫాక్స్‌లో చిన్న స్టూడియోలో, ఆన్సెల్మ్ డ్రమ్ములతో. నాలుగు చరణాలతో. అది అమ్ముడుపోలేదు. ఇప్పటికీ రేడియోలో వేసేది వయొలిన్లదే. ఆమె మిగతా పాటలు, చేపలు పోయిన ఊళ్ళ మీద, ఇళ్ళ పన్నుల మీద, బిషప్ మీద రాసినవి, సంతల్లో, సమ్మెల్లో, జానపద ఉత్సవాల్లో మధ్యాహ్నం ఎండవేళ చిన్న వేదికల మీద పాడింది. గొంతు బొంగురుపోయింది. ఒకసారి ఉత్సవం నడిపే కుర్రవాడు, కొంచెం సంతోషంగా ఉండే పాట ఏదైనా ఉందా మేడమ్ అని అడిగాడు. "సంతోషంగానే పాడుతున్నాను కదా బాబూ" అంది లెక్సీ. నిజానికి ఆమె అబద్ధం చెప్పలేదు. కోపంగా ఉన్నప్పుడే ఆమెకి ఒంట్లో బాగుండేది.

అరవై దాటాక కూడా ఆమె తండ్రి ఇంట్లోనే ఉంది. ఆంగస్ పోయాక మరీనా రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఇద్దరికీ పెద్దగా పడేది కాదు. పొయ్యిలో ఎన్ని బొగ్గులు వెయ్యాలన్న దగ్గర్నుంచి తగువే. ఒకరోజు రాడీ కూతురు రోడా పని నుంచి వస్తూ వస్తూ ఆగింది. గని పోయాక కంపెనీ పాత గోదాములో పెట్టిన కాల్ సెంటర్లో ఆమె పని. కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"అత్తా, ఇవాళ కొత్త రూలు పెట్టారు. బాత్రూముకి వెళ్ళాలంటే చెయ్యెత్తాలట. సూపర్‌వైజరు తలూపితేనే లేవాలి. నా పక్క కుర్చీ లూసిల్‌కి నెలలు నిండుతున్నాయి, చెయ్యెత్తి కూర్చుంది, ఆయన చూడలేదు. అది కుర్చీలోనే..." అని ఆగిపోయింది.

"ఆయన పేరేమిటి?" అంది లెక్సీ.

రోడా చెప్పింది. లెక్సీ గోడకున్న గిటారు దించి, రెండు తీగలు సరిచేసి, టీ చల్లారేలోపల నాలుగు లైన్లు పాడింది. చెయ్యెత్తిన ఆడపిల్ల, కిందికి దించలేని చెయ్యి, కన్నీళ్ళు కారిన కీబోర్డు.

మరీనా చేతులు కట్టుకుని విన్నది.

"కన్నీళ్ళ లైను అబద్ధం" అంది. "రోడా, లూసిల్ ఏడ్చిందా?"

"లేదమ్మా. తుడుచుకుని మళ్ళీ ఫోనెత్తింది. మా అందరికీ సిగ్గేసింది."

"విన్నావుగా" అంది మరీనా. "అది పెట్టు."

లెక్సీ ఆ లైను కొట్టేసి, మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.